చిన్న ఊళ్ల లెక్క తప్పకుండా చూడండి: జనగణన కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ గారికి,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జనగణన సంచాలకుల వారికి,

నమస్కారం.

2021లో జరగాల్సిన జనగణన కోవిడ్‌తో ఆగిపోయి, 2025 జూన్ 16 నోటిఫికేషన్‌తో మళ్లీ కదిలింది. 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. ఈ లేఖ రెండో దశ గురించి. అందులోనూ రెండు మూడు వందల మంది ఉండే చిన్న ఊళ్ల గురించి.

పట్నంలో పది ఇళ్లు లెక్కలోంచి జారిపోతే శాతాల్లో తేడా కనబడదు. 300 మంది ఊళ్లో పది ఇళ్లు జారిపోతే ఊరి రూపమే మారిపోతుంది. ఆ మారిన రూపమే తర్వాతి జనగణన దాకా ప్రభుత్వం దగ్గర ఉంటుంది. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం పంచాయతీల విషయంలో జనాభా అంటే లెక్కలు ప్రచురించిన చివరి జనగణనలోని జనాభా. సర్పంచ్, వార్డు స్థానాల్లో ఎస్సీ, ఎస్టీ వాటా దాని మీదే తేలుతుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశలో మైదానంలో 500, ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో 250, తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో 100 జనాభా ఉంటేనే ఆవాసానికి రోడ్డు. అదీ 2011 లెక్క ప్రకారం. అంగన్‌వాడీ కేంద్రానికి, మినీ అంగన్‌వాడీకీ ఇలాంటి గీతలే ఉన్నాయి. 240 దగ్గర ఆగిన గూడేనికి ఆ పది మంది ఎందుకు తగ్గారో చూసేవాళ్లు లేరు. కాబట్టి ఆ పది మంది ఎక్కడెక్కడ జారిపోతారో వివరంగా రాస్తున్నాం.

మొదటి చిక్కు ఊరు అనే మాట దగ్గరే ఉంది. జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. జనానికి ఊరంటే తాము ఉండే వాడ, తండా, గూడెం, పెంట (చెంచుల ఆవాసం). ఒక రెవెన్యూ గ్రామం కింద అసలు ఊరితోపాటు నాలుగైదు శివారు పల్లెలు, మజరాలు ఉంటాయి. అవి రెండు మూడు కిలోమీటర్ల దూరాన ఉండొచ్చు, మధ్యలో వాగు అడ్డం ఉండొచ్చు. ఇంకోవైపు పేరుకు రెవెన్యూ గ్రామమై ఒక్క ఇల్లూ లేనివీ ఉన్నాయి. మన రికార్డుల్లో వాటిని బేచిరాగ్ గ్రామాలంటారు. 2011లో దేశంలో లెక్కకొచ్చిన 6 లక్షల 40 వేల పైచిలుకు గ్రామాల్లో జనం ఉన్నవి దాదాపు 5 లక్షల 97 వేలే. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తండాలెన్నో సొంత పంచాయతీలయ్యాయి. అయినా రెవెన్యూ గ్రామం పాతదే కాబట్టి 2011 పట్టికలో ఆ తండాకు వరుస ఉండదు. రోడ్డు ఆవాసానికి ఇస్తారు, పంచాయతీ తండాకు ఉంటుంది, జనాభా మాత్రం రెవెన్యూ గ్రామానికే అచ్చవుతుంది. ఈ మూడూ కలవకపోవడం వల్లే తండా జనాభా ఎంతంటే ఒక్కో కార్యాలయం ఒక్కో అంకె చెబుతోంది.

ఈసారి ప్రతి భవనం ఉన్నచోటు ఫోన్‌లోనే నమోదవుతుంది కనుక శివారు పల్లె వారీగా లెక్క తీయడం సాధ్యమే. అందుకు కావలసింది ఒక్కటే. ఇంటి నమోదులో ఆవాసం పేరు తప్పనిసరిగా ఉండాలి, ఆ పేర్ల జాబితా మండలంలో చార్జి ఆఫీసరుగా ఉండే తహసీల్దారు ముందే ఖాయం చేసి ఇవ్వాలి. ఎన్యూమరేటరు (ఇంటింటికీ తిరిగి లెక్క రాసే మనిషి) సొంతంగా టైపు చేస్తే ఒకే తండా నాలుగు రకాల స్పెల్లింగులతో నాలుగు తండాలవుతుంది. నల్లమలలో చెంచు పెంటలు, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో గుత్తికోయల గుడిసెలు ఏ రెవెన్యూ జాబితాలోనూ సరిగా లేవు. వాటి పేర్లకు తహసీల్దారు జాబితా ఒక్కటే చాలదు. అటవీ బీటు అధికారి, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు దగ్గరున్న జాబితాలతో సరిపోల్చాలి. ఆశా కార్యకర్త పుస్తకంలో ఉండి బ్లాకు (ఒక ఎన్యూమరేటరుకు అప్పగించే ప్రాంతం) పటంలో లేని ఆవాసం కనబడితే అక్కడికి మనిషి వెళ్లి చూసిరావాలి.

బ్లాకుల హద్దులదీ ఇదే బాధ. ఒక ఎన్యూమరేటరుకు సుమారు 700, 800 మందిని అప్పగిస్తారు. మైదానంలో ఇది సబబే. ఏజెన్సీలో ఆ సంఖ్య కోసం కొండకు అటూ ఇటూ ఉన్న ఆరేడు పల్లెలను ఒకే బ్లాకులో కడితే చివరి రెండు పల్లెలకు ఎవరూ ఎక్కరు. కింది ఊరి పెద్దమనిషిని కూర్చోబెట్టుకుని పేర్లు రాసుకుంటారు. కొండ ప్రాంతాల్లో బ్లాకును మనుషుల సంఖ్యతో కాక ఒక రోజు నడకతో కొలవండి.

ఇక ఇంట్లోకి వెళ్దాం. జనగణన దృష్టిలో కుటుంబం అంటే ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. ఊళ్లో కుటుంబం అంటే రేషన్ కార్డు. ఈ రెండూ ఒకటి కావు. పింఛను కోసమో ఇంటి స్థలం కోసమో ఒకే పొయ్యి మీద బతికే ఇంట్లో మూడు కార్డులుంటాయి. చనిపోయిన పెద్దాయన పేరు, పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్ల పేరు ఇంకా కార్డులోనే ఉంటాయి. కొత్త కోడలి పేరు, ఏడాది నిండని బిడ్డ పేరు ఎక్కి ఉండవు. ఎన్యూమరేటరు పంచాయతీ ఆఫీసులో కూర్చుని రేషన్ జాబితా చూసి నింపితే ఇళ్లు పెరుగుతాయి, ఇంటికి మనుషుల సగటు తగ్గుతుంది, పసిబిడ్డలు మాయమవుతారు. ఇళ్ల సంఖ్యను రేషన్ కార్డుల సంఖ్యతో పక్కపక్కన పెట్టి చూడమని సూపర్‌వైజర్లకు చెప్పండి. రెండూ అచ్చంగా కలిశాయంటే అది మంచి పని కాదు, కాపీ చేశారని అర్థం.

తప్పకుండా జారిపోయేవాళ్లు కొందరున్నారు. కొడుకుల ఇళ్లలో నెలకొకరి దగ్గర వంతులకు తినే తల్లి. పెద్దకొడుకు చిన్నవాడి ఇంట్లో ఉందంటాడు, చిన్నవాడు అన్న దగ్గరుందంటాడు. ఇద్దరూ చెబితే రెండుసార్లు పడుతుంది, ఇద్దరూ చెప్పకపోతే అసలు పడదు. లెక్క జరిగే రోజుల్లో ఆమె ఎవరింట్లో పడుకుంటోందో ఆ ఇంట్లో రాయాలి. అందుకే మీ అమ్మానాన్నా ఉన్నారా, ఉంటే ఇప్పుడు ఎక్కడున్నారు అని ప్రతి ఇంట్లో విడిగా అడగాలి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లది మరో సంగతి. ఆమెను అత్తారింటివాళ్లు రాయించారనుకుని ఇక్కడ వదిలేస్తారు. ఇంకా బారసాల కాని బిడ్డకు పేరు లేదంటారు. పేరు లేకపోయినా శిశువు అని రాసి లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఇంట్లో ఎంతమంది అని కాకుండా ఇంట్లో పాలు తాగే పిల్లలున్నారా అని విడిగా అడిగితే వీళ్లు దొరుకుతారు.

హాస్టల్లో చదివే పిల్లలు ఫిబ్రవరి అంతా అక్కడే ఉంటే హాస్టల్లోనే లెక్కకు రావాలి. తల్లిదండ్రులు ఇంట్లోనూ రాయిస్తారు. ఫలితంగా ఆశ్రమ పాఠశాల ఉన్న ఊరిలో పిల్లలు విపరీతంగా పెరిగి, చుట్టుపక్కల గూడేల్లో కొందరు రెండుసార్లు పడతారు. గ్రామ పట్టికలో సంస్థల్లో ఉన్నవారి సంఖ్యను విడిగా చూపిస్తే చదివేవారు మోసపోరు. ఇప్పుడది కలిసిపోయి ఉంది. ఆడపిల్లల గురుకులం ఒకటి చాలు, 400 మంది ఉన్న ఊళ్లో స్త్రీ పురుష నిష్పత్తి తలకిందులు కావడానికి.

అన్నింటికంటే పెద్ద గండి వలస. ఫిబ్రవరి నెల మీరు పెట్టింది దేశంలో చాలా భాగానికి అనుకూలమని. కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెలకు మాత్రం అది ఖాళీ నెల. మిరపకోతకు ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు వెళ్తాయి, పిల్లల్నీ వెంట తీసుకుని. ఇంటికి తాళం, గడపలో ఓ ముసలామె. ఒడిశా బలాంగీర్ నుంచి వచ్చిన కుటుంబాలు అదే సమయంలో తెలంగాణ ఇటుక బట్టీల్లో ఉంటాయి. లెక్క జరిగినన్నాళ్లూ ఊళ్లో లేని మనిషిని అతనున్న చోటే రాయాలన్నది నియమం. నియమంలో తప్పు లేదు, ఆచరణలో అటు ఊళ్లో తాళం వేసి ఉంది అని రాసేస్తారు, ఇటు మిరపచేను గట్టు మీది గుడారం ఎవరి బ్లాకులోనూ ఉండదు. 2011లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. ఆ రాత్రి అందరి చూపూ బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల మీదే. చేల మధ్య గుడారాలు, బట్టీ దగ్గరి పాకలు ఇల్లు లేనివారి జాబితాలో పడవు, ఇళ్లున్నవారి జాబితాలోనూ పడవు.

దీనికి ఖర్చులేని దారి ఉంది. వలస వెళ్లే మండలాల్లో ఎవరు ఏ మండలానికి వెళ్లారో మేస్త్రీలకు, పంచాయతీ కార్యదర్శులకు, బడి పంతుళ్లకు తెలుసు. జనవరి నెలాఖరుకు ఆ జాబితా తీసుకుని, వాళ్లు చేరిన మండలం తహసీల్దారుకు పంపండి. అక్కడి చార్జి ఆఫీసరు గుడారాల కోసం ప్రత్యేక బ్లాకు కేటాయించి ఫిబ్రవరి మూడో వారంలో ఒక మనిషిని తిప్పాలి. తాళం వేసిన ఇల్లు అని రాసిన ప్రతిచోటా ఎక్కడికి వెళ్లారన్న గడి ఒకటి ఉండాలి. గ్రామ పట్టికలో తాళం వేసి ఉన్న ఇళ్ల సంఖ్య కూడా అచ్చు వేయండి. 90 ఇళ్ల ఊళ్లో 35 తాళాలున్నాయని తెలిస్తే ఆ ఊరి జనాభా అంకెను ఎలా చదవాలో ఎవరికైనా అర్థమవుతుంది.

వయసు సంగతి చిన్నగా కనిపిస్తుంది గాని చిన్న ఊళ్లో అక్షరాస్యత లెక్క దాని మీదే నిలబడుతుంది. మన పల్లెల్లో పిల్లల వయసు నడుస్తున్న ఏడుతో చెబుతారు. ఏడో ఏడు నడుస్తోంది అంటే ఆరు నిండాయని. జనగణనకు కావాల్సింది నిండిన ఏళ్లు. ఆ బిడ్డను 7 అని రాస్తే 0-6 గుంపులోంచి బయటికి వచ్చి, చదవగలగాల్సిన వాళ్లలో పడుతుంది. 300 మంది ఊరు అనుకుందాం, అందులో 0-6 పిల్లలు 34 మంది. మిగిలిన 266 మందిలో 149 మందికి చదవడం రాయడం వస్తే అక్షరాస్యత 56 శాతం. చాలా ప్రాజెక్టు నివేదికల్లో 149ని 300తో భాగించి 50 శాతం కంటే తక్కువని రాస్తున్నారు. అక్షరాస్యతకు హారం ఏడేళ్లు నిండినవారేనని గ్రామ పట్టిక కిందే ఒక వాక్యం ముద్రించండి. చాలా తప్పుడు నివేదికలు ఆగిపోతాయి. సంతకం ఒక్కటే వస్తే అక్షరాస్యులు కారన్నది, ఏ భాషలోనైనా అర్థంతో చదివి రాయగలగాలన్నది ఎన్యూమరేటర్లకు శిక్షణలో మళ్లీ చెప్పాలి. ఇంటాయన వస్తుందిలెండి అంటే రాసుకుని వచ్చేయకూడదు, ఆ మనిషినే అడగాలి.

ఆ 34 మంది పిల్లల్లో 19 మంది మగ, 15 మంది ఆడ అయితే బాలల నిష్పత్తి వెయ్యి మంది మగపిల్లలకు 789 మంది ఆడపిల్లలు. అది చూసి ఊళ్లో ఆడపిల్లల్ని చంపేస్తున్నారని రాసేవాళ్లున్నారు. ఒక్క బిడ్డ అటునుంచి ఇటు మారి 18, 16 అయితే నిష్పత్తి 889. ఒక బిడ్డతో వంద పాయింట్లు కదిలే అంకెకు అర్థం లేదు. పిల్లలు 200 కంటే తక్కువున్న ఊరికి నిష్పత్తి ఇవ్వకండి, ఆడ మగ పిల్లల సంఖ్యలే ఇవ్వండి. నిష్పత్తిని మండల స్థాయిలో చూపించండి.

పెద్దవాళ్ల వయసుకు ఆధార్ కార్డు చూపిస్తారు. పుట్టిన తేదీ తెలియనివాళ్ల కార్డుల్లో జనవరి 1 అని వేసి ఉంటుంది, సంవత్సరం అంచనాయే. పింఛను కోసం పెంచినవీ ఉంటాయి. జనగణనకు ఏ పత్రమూ అక్కర్లేదు కాబట్టి జ్ఞాపకం ఆధారంగా అడగడమే మేలు. జిల్లాకో సంఘటనల జాబితా తయారు చేయించండి. కృష్ణా తీరంలో 1977 నవంబరు 19 ఉప్పెన, గోదావరి పొడుగునా 1986 ఆగస్టు వరద, కోనసీమలో 1996 నవంబరు తుపాను, విశాఖలో 2014 అక్టోబరు హుద్‌హుద్, కర్నూలులో 2009 అక్టోబరు వరద, ఎక్కడైనా ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయిన 1983 జనవరి. అప్పటికి మీ పెద్దమ్మాయి పుట్టిందా అంటే టక్కున చెబుతారు. 50, 55, 60 దగ్గర మనుషులు గుట్టలుగా పడకుండా ఇదొక్కటే ఆపగలదు.

పని గురించిన ప్రశ్నల్లో జరిగే అన్యాయం ఆడవాళ్లకూ, కౌలు రైతులకూ. నిర్వచనాలు బాగానే ఉన్నాయి. ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ పనిచేస్తే ప్రధాన శ్రామికులు, తక్కువైతే ఉపాంత శ్రామికులు. సొంత పొలంలో జీతం లేకుండా చేసేదీ పనే. ఇంటి వాడకానికే పాడి చేసినా పనే. ఇవన్నీ మీ సూచనల్లోనే ఉన్నాయి. గడపలో నిలబడి మీ ఆవిడ పనిచేస్తుందా అని అడిగితే వచ్చే జవాబు ఇంట్లోనే ఉంటుంది అని. అదే మనిషి తెల్లారేసరికి గేదె పాలు పితికి, నాట్లకు వెళ్లి, సాయంత్రం గడ్డిమోపుతో వస్తుంది. పనిచేస్తుందా అని అడగొద్దు. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, మిరప కోయడం, పాలు పితకడం, బీడీలు చుట్టడం, ఉపాధి హామీ పని, ఒక్కొక్కటీ పేరు పెట్టి ఎన్నాళ్లు చేసిందో అడిగి రోజులన్నీ కూడాలి. అవి 183కు, అంటే ఆరు నెలలకు, చేరితే ప్రధాన శ్రామికురాలు. చాలామంది విషయంలో దాటుతుంది. 50 ఏళ్ల లోపు ఆడవాళ్లలో సగం మంది పనిచేయనివారని వచ్చిన వ్యవసాయ గ్రామాన్ని సూపర్‌వైజరు మళ్లీ చూడాలి.

కౌలుదారు జనగణన ప్రకారం సాగుదారే. భూమి సొంతమా కాదా అన్నది ఆ ప్రశ్నలో లేదు. డబ్బుకో పంటవాటాకో తీసుకుని సాగు చేస్తే చాలు. అయినా గోదావరి, కృష్ణా డెల్టాల్లో కౌలు రైతుల్ని వ్యవసాయ కూలీలుగా రాసేస్తుంటారు, హైదరాబాదులో ఉండే భూ యజమాని ఎక్కడో ఒకచోట సాగుదారవుతాడు. పట్టాదారు పుస్తకం ఉందా అని అడగకుండా శిక్షణ ఇవ్వండి. నిర్వచనంలోనే మార్చాల్సిందీ ఒకటుంది. తేయాకు, కాఫీ, రబ్బరు, కొబ్బరి, పోక తోటలను 2011 సూచనలు సాగులో చేర్చలేదు. దానివల్ల అరకులో ఎకరం కాఫీ వేసుకున్న గిరిజన రైతు, కోనసీమలో రెండెకరాల కొబ్బరి రైతు ఇతర శ్రామికుల గడిలో పడతారు. గడి పేరు చూసి ఆ ఊళ్లో వ్యవసాయం లేదు, వ్యాపారాలూ ఉద్యోగాలూ ఉన్నాయని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. పెద్ద ఎస్టేట్ల కోసం పెట్టిన మినహాయింపును చిన్న రైతుకు వర్తింపజేయొద్దు.

కులం దగ్గరికి వద్దాం. 1931 తర్వాత జనగణనలో అందరి కులాన్నీ లెక్కించడం ఇదే మొదటిసారి. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో 46 లక్షల కులాల పేర్లు వచ్చాయని, 1931లో అవి 4,147 మాత్రమేనని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఎవరికి తోచింది వాళ్లు టైపు చేయడంతో వచ్చిన చిక్కు అది. ముందే సిద్ధం చేసిన జాబితాలోంచి ఎంచుకునే పద్ధతి పెడితే సగం తగ్గుతుంది. మిగతా సగం తెలుగు నేలకు ప్రత్యేకం. కాపు అన్న మాట గోదావరి జిల్లాల్లో ఒక కులం, రాయలసీమ పల్లెల్లో రెడ్లను అనేది, తెలంగాణలో మున్నూరు కాపు, ఉత్తరాంధ్రలో తూర్పు కాపు. చివరి రెండూ బీసీ జాబితాలోవి. నాయుడు కులం కాదు, నాలుగైదు కులాలవాళ్ల పేరు చివర వచ్చే బిరుదు. మన్యంలో రెడ్డి అంటే కొండరెడ్డి, ఎస్టీ. వాల్మీకి బోయలు ఏజెన్సీలో ఎస్టీ, మైదానంలో బీసీ. ఎన్యూమరేటరు కాపు అని వినగానే తెర మీద మొదట కనబడినదాన్ని నొక్కితే ఊరి స్వరూపం చెదిరిపోతుంది. జిల్లాను బట్టి జాబితా మారాలి, ఎంచుకున్న పేరును ఇంటివాళ్లకు చదివి వినిపించి వాళ్లు అవునన్నాకే ముందుకు పోవాలి. ఇంటిపేరు చూసి ఊహించడం, పక్కింటివాళ్లను అడిగి రాయడం నిషేధించాలి.

ఎస్సీల్లో ఎస్సీ అనో హరిజన అనో రాసి ఊరుకోవడం ఇక కుదరదు. తెలంగాణ ఎస్సీ జాబితాలో 59 కులాలున్నాయి. 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఎస్సీ వర్గీకరణ (రిజర్వేషన్ వాటాను ఉపవర్గాలుగా పంచడం) అమల్లోకి వచ్చింది. ఒక్కో కులం సంఖ్య ఇప్పుడు అందరికీ అవసరం, ముఖ్యంగా ఊరికి రెండు మూడిళ్లే ఉండే చిన్న కులాలకు. మతం ప్రశ్నకు క్రైస్తవం అని చెబితే 1950 నాటి రాష్ట్రపతి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కింద చేరడం కుదరదు, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకే అది వర్తిస్తుంది. ఎస్టీలకు ఆ షరతు లేదు. ఇది కుటుంబం తేల్చుకోవలసిన సంగతి. ఎన్యూమరేటరు తనంతట తాను హిందూ అని గాని క్రైస్తవ అని గాని నింపకూడదు, నచ్చజెప్పకూడదు. బలాంగీర్ నుంచి వచ్చినవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎస్సీ, ఎస్టీ గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కనుక అక్కడ ఎస్టీ అయినవాళ్లు ఇక్కడి జాబితాలో లేకపోతే ఇతరుల్లో కలిసిపోతారు. వాళ్ల కులం పేరైనా చెప్పింది చెప్పినట్టు నమోదు కావాలి.

గ్రామ స్థాయిలో కులాల సంఖ్యను ఉన్నదున్నట్టు ప్రచురించవద్దని మా మనవి. ఒకే ఒక్క ఇల్లున్న కులం పేరు పక్కన నాలుగు అని అచ్చు వేస్తే అది గణాంకం కాదు, ఆ ఇంటి వివరం. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ రికార్డులను ఎవరికీ చూపకూడదంటుంది. పట్టిక ద్వారా అదే బయటపడకూడదు. పది మంది కంటే తక్కువున్న గడులను మూసి, మండల స్థాయిలో పూర్తి అంకెలివ్వండి. ఇంకో మాట: భర్త పేరు చెప్పడం ఆచారం కాదంటే చెప్పమని ఏ స్త్రీనీ ఒత్తిడి చేయకూడదని ఆ చట్టంలోనే ఉంది. చిన్న ఊళ్లలో ముసలివాళ్ల దగ్గర ఈ ఇబ్బంది ఇంకా వస్తుంది. శిక్షణలో చెబితే సరిపోతుంది.

మాతృభాష గడిలో తెలుగు అని నింపేయడం అలవాటు. తండాల్లో లంబాడీ, గూడేల్లో కోయ, గోండి, కువి ఇంట్లో మాట్లాడే భాషలు. ఎన్యూమరేటరు తెలుగులో అడిగితే వాళ్లు తెలుగులోనే జవాబిస్తారు, అందుకని తెలుగు అని పడిపోతుంది. 2011 భాషా పట్టికల్లో లంబాడీని హిందీ కింద చేర్చారు. దాన్ని విడదీసి చూపించండి.

సదుపాయాల దూరం గురించి ఒక్కటే. 2011 గ్రామ డైరెక్టరీలో (ఊళ్ల సదుపాయాల జాబితాలో) ఆసుపత్రి లేని ఊరికి అది 5 కిలోమీటర్ల లోపైతే a, 5 నుంచి 10 అయితే b, 10కి పైనైతే c అని మూడు అక్షరాలే ఉన్నాయి. ఏజెన్సీలో నాలుగు కిలోమీటర్లంటే గర్భిణిని డోలీలో మోసుకుని దిగాల్సిన నాలుగు కిలోమీటర్లు. దూరంతో పాటు వానాకాలంలో బండి వెళ్తుందా లేదా అన్న గడి చేరిస్తే ఆ అక్షరాలకు విలువ వస్తుంది.

పాత లెక్కతో పోల్చడం ఈసారి తెలుగు రాష్ట్రాల్లో కష్టమవుతుంది. తాడ్వాయి మండలం గ్రామాన్ని 2011 పుస్తకంలో వరంగల్ జిల్లా కింద వెతకాలి. 2016లో అది జయశంకర్ భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. ఖమ్మం నుంచి 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన మండలాలకైతే రాష్ట్రమే మారింది. పాత గ్రామ కోడు, కొత్త కోడు, స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ కోడు మూడూ పక్కపక్కన ఉన్న ఒక ఫైలు ఫలితాలతోపాటే ఇవ్వాలి. మల్లన్నసాగర్ కింద మునిగిన వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లకు, పోలవరం కింద ఖాళీ అయిన ముంపు గ్రామాలకు కొత్త పట్టికలో సున్నా వస్తుంది. ఆ సున్నా పక్కన జనం ఏ పునరావాస కాలనీలో, ఏ కోడు కింద ఉన్నారో రాయాలి. లేకపోతే వాళ్లు వెళ్లిన పట్టణం ఉన్నట్టుండి పెరిగినట్టు, వాళ్ల ఊరు దానంతటదే ఖాళీ అయినట్టు కనబడుతుంది.

ప్రచురణ గురించి అడిగేది ఎక్కువేమీ లేదు. 2011 ప్రాథమిక జనగణన సారంలో (ఊరివారీ ముఖ్య అంకెల పట్టికలో) ఊరి జనం వయసు గురించి ఉన్నది 0-6 పిల్లల సంఖ్య ఒక్కటే. పిల్లలంతా హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయి ముసలివాళ్లే మిగిలిన ఊళ్లు ఇప్పుడు అన్ని జిల్లాల్లోనూ ఉన్నాయి. 60 దాటినవారు, ఒంటరిగా ఉండేవారు అన్న రెండు గడులు గ్రామ స్థాయిలో చేర్చితే పింఛనుకు, ఆరోగ్య ఉపకేంద్రానికి వెంటనే పనికొస్తాయి. వాటితోపాటు శివారు పల్లె వారీ జనాభా, సంస్థల్లో ఉన్నవారు, తాళం వేసిన ఇళ్లు. మొత్తం అయిదు కొత్త గడులు. పట్టికలు తెలుగులో, గ్రామం పేరు తెలుగు లిపిలో, ఎక్సెల్ ఫైలుగా ఉండాలి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన ఊరిపేరు చదివి అది పెద్దపల్లో పేడపల్లో తేల్చుకోలేక ఒకే మండలంలో ఒక ఊరి లెక్క మరో ఊరికి వేసిన నివేదికలున్నాయి.

చివరిగా, లెక్క ముగిశాక ఖరారు చేసేముందు ఒక వారం గడువివ్వండి. ఆవాసం వారీగా ఇళ్లు, మొత్తం మనుషులు, 0-6 పిల్లలు, ఈ మూడు అంకెలు మాత్రమే, పేర్లేమీ లేకుండా, పంచాయతీ కార్యాలయం గోడ మీద అతికించమని చార్జి ఆఫీసర్లకు ఆదేశాలివ్వండి. తండాలో 62 ఇళ్లుంటే గోడ మీద 48 అని చూసినవాళ్లు ఆ రోజే చెబుతారు. సూపర్‌వైజరు వెళ్లి ఆ 14 ఇళ్లు ఎందుకు రాలేదో చూసి, 2027 మార్చి మొదటి వారంలోనే సరిచేయవచ్చు. ఈ ఆదేశం ఫిబ్రవరి శిక్షణ మొదలయ్యేలోపే తహసీల్దార్లకు చేరాలి.

ఇట్లు,
గ్రామ లెక్కలతో రోజూ పనిచేసే కొందరు ఉపాధ్యాయులు, పంచాయతీ ఉద్యోగులు, పరిశోధకులు